పేరు ముందు నిలిచే ర్యాంకు (సిపాయి కథ – 17వ భాగం)

కలెక్టరు రిటైరైతే మాజీ కలెక్టరు. తహసీల్దారు రిటైరైతే మాజీ తహసీల్దారు. కుర్చీ దిగిన మర్నాటి నుంచి ఆ హోదా కొత్తగా వచ్చి కూర్చున్నవారిది. సుబేదారుగా ఇంటికొచ్చినాయన మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లు బతికితే ఆ ముప్ఫై ఏళ్లూ ఊరికి సుబేదారు గారే. మనవరాలి పెళ్లి శుభలేఖలో, రామాలయం చందాల బోర్డు మీద, వీధి గుమ్మం పక్కన నేమ్ ప్లేటు మీద ఆ మాట పేరుకు ముందే ఉంటుంది. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు వేయించే ఫలకం మీదా ఉంటుంది.

ఇంతకాలం మనిషిని అంటిపెట్టుకుని ఉండే ఆ మాటను ఎవరు ఖాయం చేస్తారు? ఏ రోజున? దేన్ని చూసి? దాని వెనక డబ్బు ఎంత వస్తుంది, ఎంత రాదు? పోయిన భాగంలో సిపాయి జీతం గురించి చెప్పుకున్నాం. ఈసారి సిపాయి ఇంటికొచ్చే రోజు గురించి చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి. స్వతంత్ర భారతదేశంలో ప్రభుత్వం బిరుదులివ్వడానికి వీల్లేదు. రాజ్యాంగం 18వ అధికరణం ఆ మాటే చెబుతుంది. రావుబహదూర్లు, దివాన్‌బహదూర్ల కాలానికి స్వస్తి చెప్పాలని పెద్దలు పట్టుబట్టి రాసుకున్న అధికరణం అది. ముసాయిదాలో మొదట నిషేధం ఒక్కటే ఉంది. 1948లో రాజ్యాంగ సభ దాన్ని చర్చకు తీసుకున్నప్పుడు సైనిక, విద్యా విశిష్టతలకు మినహాయింపు ఇస్తూ సవరణ చేరింది. డాక్టరేటు చేసినవారు పేరు ముందు డాక్టర్ అని, సైన్యంలో చేసినవారు పేరు ముందు కెప్టెన్ అని పెట్టుకోగలుగుతున్నారంటే ఆ మినహాయింపు వల్లే. పద్మ పురస్కారాలకు ఈ వెసులుబాటు లేదు. అవి చెల్లుతాయి గానీ వాటిని పేరుకు ముందో వెనకో బిరుదులా తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సినిమా టైటిల్స్‌లో నటుల పేర్ల ముందు పద్మశ్రీ వేసిన వ్యవహారం మన హైకోర్టు దాకా వెళ్లింది. సుబేదారు గారి నేమ్ ప్లేటు మీద అలాంటి పేచీ ఎవరూ పెట్టలేరు. ఆ మాటకు రాజ్యాంగమే కాపలా ఉంది.

ఈ పద్ధతి స్వాతంత్ర్యంతో పుట్టింది కాదు. దాని వేళ్లు కంపెనీ రోజుల్లో ఉన్నాయి, అందులోనూ మన వైపు తెలుగు సిపాయిలు దండిగా చేరిన మద్రాసు సైన్యంలో ఉన్నాయి. కంపెనీ సైన్యంలో భారతీయుడు ఎంత ఎదిగినా సుబేదారు దగ్గర ఆగిపోవాల్సిందే. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో సుబేదార్ మేజర్ అనే మెట్టు వచ్చింది. అంతకు మించి దారి లేదు. పాతికేళ్లు కత్తిగాట్లు తిన్న సుబేదారు, ఓడ దిగి నెల తిరగని ఇరవై ఏళ్ల తెల్ల కుర్రాడికి సెల్యూట్ కొట్టి నిలబడేవాడు. పైకి దారి మూసేశాక మంచి సిపాయిని పట్టి ఉంచడం ఎలా? దానికి మద్రాసు సైన్యం ఒక ఉపాయం చేసింది. మెచ్చిన సుబేదారుకు పాలకీ ఎక్కే గౌరవం ఇచ్చేది. పాలకీ అంటే ఒట్టి మాట కాదు. దాన్ని మోసే బోయీల ఖర్చుకు భత్యం కూడా ఇచ్చేది. ఊళ్లోకి పాలకీలో వచ్చిన సుబేదారును చూసిన కుర్రాళ్లు మర్నాడు ఎటువైపు నడిచి ఉంటారో ఊహించుకోవచ్చు.

1837లో కంపెనీ ఈ ఉపాయాన్నే పెద్ద ఎత్తున ఒక పతకంగా మార్చింది. దాని పేరు ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా. చాలాకాలం మచ్చలేకుండా చేసిన భారతీయ ఆఫీసర్లకే అది దక్కేది. మొదటి తరగతివారికి సర్దార్ బహదూర్ బిరుదు, రోజుకు రెండు రూపాయల భత్యం. రెండో తరగతివారికి బహదూర్ బిరుదు, రోజుకు ఒక రూపాయి. దాన్ని మెడలో రిబ్బనుతో వేసుకోవాలి. మొదట లేత నీలం రిబ్బను పెట్టారు. తలకు రాసుకున్న నూనె అంటి మరకలు పడుతున్నాయని మరుసటి ఏడే ఎర్ర రంగుకు మార్చారని చెబుతారు.

ఆ రోజు భత్యాన్ని మర్చిపోవద్దు, ఈ వ్యాసం మొత్తానికీ అదే ఇరుసు. కంపెనీ లాభం చూసుకునే వ్యాపారి. సిపాయి మీద దానికి ప్రేమేమీ లేదు. అయినా బిరుదు ఒక చేత్తో ఇచ్చి, ఆ బిరుదును నిలబెట్టుకోవడానికి కావలసిన డబ్బు రెండో చేత్తో ఇచ్చింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అయితే ఆ గొప్ప ఎంతోకాలం నిలవదని దానికి తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ కథను మలుపు తిప్పింది. లక్షల మంది భారతీయులు ఫ్రాన్సులో, మెసొపొటేమియాలో పోరాడాక, వాళ్లకు రాజు కమిషన్, అంటే తెల్లవారితో సమానమైన ఆఫీసరు హోదా, ఇవ్వం అని చెప్పడం కష్టమైంది. 1917లో ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. 1919లో ఇందోర్‌లోని డేలీ కాలేజీ నుంచి కమిషన్ పొంది బయటికొచ్చిన యువకుల్లో కె.ఎం. కరియప్ప ఒకరు. ఆయన పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. పాత సుబేదార్లు మాత్రం వైస్రాయ్ కమిషన్ ఆఫీసర్లుగానే మిగిలారు. కొత్త తలుపు గుండా వెళ్లే వయసు వాళ్లకు దాటిపోయింది. అలాంటి వాళ్లలో ఎంపిక చేసిన కొందరికి సర్వీసు చివర్లో గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ఇచ్చే పద్ధతి వేళ్లూనుకుంది. మన వాడుకలో ఆనరరీ కమిషన్ అంటే ఇదే.

గణతంత్రం వచ్చాక వైస్రాయ్ లేడు కాబట్టి వాళ్లు జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లయ్యారు, పొట్టిగా జేసీవోలు. జమేదార్ అన్న పాత పేరును 1965లో నాయబ్ సుబేదార్‌గా మార్చారు. ఆనరరీ కమిషన్ పద్ధతిని మాత్రం కదపలేదు.

ఇప్పుడు నేటి లెక్కకు వద్దాం. రిటైరయ్యే రోజున ఏ ర్యాంకు అన్న ప్రశ్నకు సైన్యంలో ఇంకో ప్రశ్న ముందు నిలబడుతుంది: అసలు రిటైరయ్యేది ఎప్పుడు? గుమాస్తాకూ కార్యదర్శికీ ఒకే వయసు పెట్టే పద్ధతి ఇక్కడ లేదు. ర్యాంకే ఇంటికి పంపే తేదీని నిర్ణయిస్తుంది. హవల్దారు దగ్గర ఆగిపోతే ఇరవయ్యారేళ్ల సర్వీసుతో సరి. నాయబ్ సుబేదారైతే ఇరవయ్యెనిమిది, సుబేదారైతే ముప్ఫై. సుబేదార్ మేజర్‌కు ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు లేదా 54 ఏళ్ల వయసు. ఆఫీసర్లలో సైతం లెఫ్టినెంట్ కల్నల్ 54కు, బ్రిగేడియర్ 56కు, మేజర్ జనరల్ 58కి, లెఫ్టినెంట్ జనరల్ 60కి దిగిపోవాలి. సైన్యాధిపతికి 62 ఏళ్లు లేదా మూడేళ్ల పదవీకాలం, ఏది ముందైతే అది. ఒక్క ప్రమోషన్ అందితే ఇంకో రెండేళ్లు జీతం. తప్పితే నలభై నాలుగో నలభై ఐదో ఏట, పిల్లలు ఇంకా హైస్కూలు దాటకుండానే, పెట్టె సర్దుకుని రైలెక్కాలి. పదో తరగతి పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకుని, బ్యాంకు ఏటీఎం ముందు సెక్యూరిటీ గార్డుగా చేరిన మాజీ హవల్దార్లు మన పట్టణాల్లో ఎంతమందో.

ఆఫీసర్లకు 2004 డిసెంబరులో ఒక ఉపశమనం దొరికింది. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫారసుతో రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ కావడం సర్వీసును బట్టి జరిగిపోతుంది. సెలక్షన్ బోర్డులో నెగ్గకపోయినా ఇరవయ్యారేళ్లు నిండితే కాలమాన పద్ధతిలో కల్నల్. అంతకు ముందు తరంలో మంచి ఆఫీసర్లు ఎందరో మేజర్లుగానే ఇంటికొచ్చారు. అందుకే ఒకే తెలివి, ఒకే కష్టం ఉన్న ఇద్దరిలో 1980ల్లో రిటైరైన తండ్రి పేరు ముందు మేజర్ అనీ, నిన్న మొన్న రిటైరైన కొడుకు పేరు ముందు కల్నల్ అనీ కనిపించవచ్చు. ఆ తేడా వాళ్ల యోగ్యతది కాదు, కాలానిది.

జవాన్ల వరసలో అసలు ఆసక్తి ఆనరరీ జాబితా మీద. ఏడాదికి రెండుసార్లు, జనవరి 26నా ఆగస్టు 15నా, రాష్ట్రపతి పేరున ఆ జాబితా వెలువడుతుంది. మచ్చలేని రికార్డు, పై అధికారుల సిఫారసు, పతకాలు, యూనిట్‌కు చేసిన సేవ, ఇవన్నీ తూకం వేస్తారు. ఆ ఉదయం యూనిట్‌లో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. సుబేదార్ మేజర్ భుజం మీద అశోక సింహాలుంటాయి, వాటి కింద ఆఫీసరు కాదని చెప్పే రంగు పట్టీ ఒకటి ఉంటుంది. ఆనరరీ లెఫ్టినెంట్ కాగానే సింహాలు పోయి రెండు నక్షత్రాలు వస్తాయి. తెలియనివాళ్లకు అది దిగినట్టే కనిపిస్తుంది. తెలిసినవాళ్ల చూపు మాత్రం నక్షత్రాల మీద ఉండదు, వాటి కింద పట్టీ ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఇప్పుడక్కడ పట్టీ లేదు. ముప్ఫై ఏళ్లు భుజాన మోసిన ఆ అంగుళం గుడ్డ లేకపోవడమే అతని పండగ. మూడో నక్షత్రం చేరితే ఆనరరీ కెప్టెన్. వైమానిక దళంలో మాస్టర్ వారెంట్ ఆఫీసర్లు ఆనరరీ ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ అవుతారు. నౌకాదళంలోనూ ఇలాంటి వరసే ఉంది.

సర్వీసులో ఉండగా ఈ గౌరవం అందుకున్నవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లలో కొందరికి రిటైరయ్యాక, ఇంటికి చేరాక వస్తుంది. మొదటి రకంవాళ్లు ఆ నక్షత్రాలు తొడుక్కుని పరేడ్‌లో నడుస్తారు. రెండో రకంవాళ్లకు కబురు మాత్రమే చేరుతుంది. యూనిఫాం అప్పటికే పెట్టెలో ఉంటుంది.

పరమవీర చక్రాలు పొందిన జవాన్ల జీవితాలు చూస్తే ఈ మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. 1948లో టిథ్వాల్‌లో పోరాడినప్పుడు కరమ్ సింగ్ లాన్స్ నాయక్. సర్వీసు ముగించుకుని ఆనరరీ కెప్టెన్‌గా ఇంటికెళ్లారు. 1987లో సియాచిన్‌లో నిలువెత్తు మంచు గోడ ఎక్కి శత్రు స్థావరాన్ని పట్టుకున్నప్పుడు బాణా సింగ్ నాయబ్ సుబేదార్. ఆయనా ఆనరరీ కెప్టెన్‌గానే రిటైరయ్యారు. కార్గిల్‌లో, 1999 జులైలో, టైగర్ హిల్ మీద ఒంటి నిండా తూటాలతో పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పటికి పందొమ్మిదేళ్లు. ర్యాంకు గ్రెనేడియర్, అంటే అట్టడుగు మెట్టు. 2021 చివర్లో ఆనరరీ కెప్టెన్‌గా సెలవు తీసుకున్నారు. దేశంలో అంతకు మించిన శౌర్య పతకం లేదు. అది సాధించినవాళ్లకు కూడా జవాను దారిలో చివరి గడప ఆనరరీ కెప్టెనే.

మహేంద్రసింగ్ ధోనీ లెఫ్టినెంట్ కల్నల్, సచిన్ టెండూల్కర్ గ్రూప్ కెప్టెన్ కాదా అని కొందరు అడుగుతారు. వాళ్లవీ గౌరవ హోదాలే. అయితే అవి ప్రసిద్ధులను దళానికి దగ్గర చేసుకోవడానికి ఇచ్చేవి. సుబేదారు గారి నక్షత్రాలు ముప్ఫై ఏళ్ల కష్టానికి వచ్చినవి. రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

ఇక అసలు సంగతి: పేరు వచ్చింది, పైకమో?

పెన్షన్ కాగితాన్ని మనవాళ్లు పీపీవో అంటారు. అందులో సర్వీసు ఎన్నేళ్లు, ఏ గ్రూపు అన్న గళ్లతో పాటు, చివరగా చేసిన ర్యాంకు ఒక గడిలో, పెన్షన్‌కు లెక్కించిన ర్యాంకు మరో గడిలో ఉంటాయి. ఆ రెండు గళ్లలో ఒకే మాట ఉంటుందని హామీ లేదు. ఒకప్పుడు పది నెలల నిబంధన ఉండేది. కొత్త ర్యాంకులో కనీసం పది నెలలు పనిచేస్తే గానీ పెన్షన్‌కు ఆ ర్యాంకు లెక్కలోకి రాదు. ఎనిమిది నెలల ముందు నాయబ్ సుబేదారైన మనిషి ఊళ్లో నాయబ్ సుబేదారే, ట్రెజరీలో మాత్రం హవల్దారు. ఆరో వేతన సంఘం తర్వాత ఆ పట్టు సడలింది.

అంతకంటే పెద్ద అన్యాయం ఆనరరీ నాయబ్ సుబేదార్ల విషయంలో జరిగింది. హవల్దారుగా రిటైరైన వారిలో మంచి రికార్డు ఉన్న కొందరికి నాయబ్ సుబేదారు హోదాను గౌరవార్థం ఇస్తారు. జేసీవోల గడప దాటడమంటే జవాను జీవితంలో చిన్న విషయం కాదు. మెస్ మారుతుంది, పిలుపు మారుతుంది, సాహెబ్ అని చేరుస్తారు. అయితే ఇంటికొచ్చాక ఇచ్చిన ఆ హోదాకు నామమాత్రపు అదనం తప్ప పెన్షన్ హవల్దారుదే. దశాబ్దాలు ఇలాగే గడిచాయి.

ఆరో వేతన సంఘం ఈ ముడి విప్పింది. ఆనరరీ నాయబ్ సుబేదారును పెన్షన్ కోసం నిజమైన నాయబ్ సుబేదారుగానే లెక్కించాలన్న నిర్ణయానికి 2009 జూన్‌లో రక్షణ శాఖ ఉత్తర్వు వచ్చింది. అందులోనే ఒక గీత కూడా గీశారు. 2006 జనవరి 1 నుంచి రిటైరైనవారికే వర్తింపు. అంటే 2005 డిసెంబరు 31న దిగినాయన, మర్నాడు దిగినాయన ఒకే హోదా పొందినా, ఒకే రకం యుద్ధాలు చూసినా, ఒకరిది పేరు, రెండోవారిది పేరూ పెన్షనూ. 1965, 1971 యుద్ధాలు చేసినవాళ్లందరూ గీతకు అవతలే ఉండిపోయారు. అప్పటికే డెబ్బైల్లో ఉన్నవాళ్లు కోర్టు మెట్లెక్కారు. తేదీ అడ్డుపెట్టి పింఛనుదారులను రెండు ముక్కలు చేయకూడదని సుప్రీంకోర్టు 1982 డిసెంబరులోనే నకారా కేసులో చెప్పి ఉంది. 2010లో సాయుధ దళాల ట్రిబ్యునల్ చండీగఢ్ బెంచ్ పాత ఆనరరీ నాయబ్ సుబేదార్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కదపలేదు. అంతటితో అయిపోవాలి. అవలేదు. ఒకరు గెలిస్తే అదే పరిస్థితిలో ఉన్న మిగిలినవాళ్లందరికీ ఇచ్చేయడం సర్కారు అలవాటు కాదు కదా. ఆ తర్వాతా ఒక్కొక్కరుగా ట్రిబ్యునల్ తలుపు తట్టాల్సి వచ్చింది.

1837 నాటి వ్యాపార కంపెనీ సర్దార్ బహదూర్‌కు రోజుకు రెండు రూపాయలు జతచేసి పంపింది. సిపాయిని తన వాడని చెప్పుకునే గణతంత్ర ప్రభుత్వం, తానే ఇచ్చిన హోదాకు తగిన పింఛను ఇవ్వడానికి అరవై ఏళ్లు తీసుకుంది. మన సైనిక చరిత్రలో నాకు కష్టం కలిగించే ఘట్టాల్లో ఇదొకటి.

ఈ రోగం కింది మెట్టుకే పరిమితం అనుకుంటే పొరపాటు. అందరికంటే పై మెట్టు ఫీల్డ్ మార్షల్. ఆ హోదా పొందినవారు రిటైరు కారు. బతికినంతకాలం సర్వీసులో ఉన్నట్టే లెక్క. మన దేశంలో ఈ ఐదు నక్షత్రాల గౌరవం ముగ్గురికే దక్కింది. బంగ్లాదేశ్ యుద్ధ విజేత శామ్ మానెక్‌షాను 1973 జనవరి 1న ఫీల్డ్ మార్షల్ చేశారు. ఆ నెల 15న ఆయన సైన్యాధిపతి పదవి దిగారు. అంటే రిటైర్మెంటుకు రెండు వారాల ముందు ఆయన రిటైర్మెంటే రద్దయింది. కరియప్ప కథ వేరు. 1949లో తొలి భారతీయ సేనాధిపతి అయిన ఆయన 1953 జనవరిలో జనరల్‌గా ఇంటికెళ్లారు. ముప్ఫై మూడేళ్ల తర్వాత, 1986లో, ఎనభై ఏడేళ్ల వయసులో ఆయనను ఫీల్డ్ మార్షల్‌ను చేశారు. 1965 యుద్ధంలో వైమానిక దళాన్ని నడిపిన అర్జన్ సింగ్ 1969లో ఎయిర్ చీఫ్ మార్షల్‌గా దిగి, 2002లో మార్షల్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ అయ్యారు. మన పద్ధతిలో రిటైరైన ఆఫీసర్ల ర్యాంకు సాధారణంగా కదలదు. ఈ ఇద్దరి విషయంలో దశాబ్దాల తర్వాత వెనక్కి వెళ్లి కదిలించారు.

మరి మానెక్‌షాకు ఆ హోదాకు తగిన జీతం వచ్చిందా? రిటైరు కాని మనిషికి పెన్షన్ కాదు, పూర్తి జీతం ఇవ్వాలి. ఆ లెక్క దశాబ్దాల పాటు తేలలేదు. చివరికి 2007లో, ఆయన తొంభై దాటి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, కోటి రూపాయలకు పైగా బకాయిల చెక్కు ఊటీ దగ్గరి వెల్లింగ్టన్‌కు చేరింది. మరుసటి ఏడాది జూన్ 27న ఆయన కన్నుమూశారు. ఊటీలో అంత్యక్రియలకు కేంద్రం తరఫున వచ్చింది రక్షణ శాఖ సహాయ మంత్రి, మన కాకినాడ ఎంపీ పళ్లంరాజు. రక్షణ మంత్రి రాలేదు, త్రివిధ దళాధిపతులూ రాలేదు. ఫీల్డ్ మార్షల్‌కూ ఆనరరీ నాయబ్ సుబేదారుకూ మధ్య ఎన్నో మెట్లు ఉండొచ్చు. పేరిచ్చి పైకం మరిచిపోవడంలో ఇద్దరికీ ఒకే గతి పట్టింది.

పేరును పైకంతో ముడిపెట్టి మాట్లాడుతున్నాను గనుక, పేరు కోసమే పోరాడినవాళ్ల సంగతీ చెప్పాలి. దానికి అమెరికా వెళ్లాలి. అక్కడ మూడు, నాలుగు నక్షత్రాలు చాలావరకు పదవికి అంటుకుని ఉంటాయి. పదవి పోతే నక్షత్రమూ పోతుంది. ఆ హోదాలో తృప్తికరంగా పనిచేశారని తేలితేనే దానితో రిటైరవుతారు. అమెరికా నౌకాదళంలో 1959 దాకా ఇంకో విచిత్రమైన ఆచారం ఉండేది. యుద్ధంలో ప్రశంస పొందిన ఆఫీసరును రిటైరయ్యే రోజున ఒక మెట్టు ఎక్కించేవారు. ఆ మెట్టు సమాధి రాయి మీద చెక్కించుకోవడానికేనని జనం దానికి సమాధి ప్రమోషన్ అని పేరు పెట్టారు.

హస్బెండ్ కిమ్మెల్ 1941 ఫిబ్రవరిలో పసిఫిక్ నౌకాదళాధిపతి అయినప్పుడు నాలుగు నక్షత్రాల అడ్మిరల్. డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద పడింది. పది రోజుల్లో పదవి పోయింది, రెండు నక్షత్రాలు రాలిపోయాయి. 1942లో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1947 చట్టం యుద్ధకాలంలో చేసిన అత్యున్నత హోదాను రిటైరైనవారికి తిరిగి ఇచ్చే వీలు కల్పించింది. కిమ్మెల్‌కు, హవాయిలో సైన్యాన్ని నడిపిన వాల్టర్ షార్ట్‌కు మాత్రం అది అందలేదు. కిమ్మెల్ 1968లో పోయారు. ఆయన కొడుకులు, మనవలు ఆ రెండు నక్షత్రాల కోసం తరతరాలుగా అర్జీలు పెడుతున్నారు. డబ్బు వద్దు, హోదా ఇస్తే చాలన్నది వాళ్ల మాట. పైసా అదనం లేకుండా ఆ గౌరవం తిరిగి ఇమ్మని 2000లో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి కోరింది. తర్వాత వచ్చిన అధ్యక్షులెవరూ సంతకం చేయలేదు. ర్యాంకు అనేది జీతపు లెక్కే అయితే చనిపోయిన మనిషి నక్షత్రాల కోసం మనవలు ఎందుకు తిరుగుతారు?

ఐసెన్‌హోవర్ ఇంకో దారిలో వెళ్లారు. అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి 1952లో ఐదు నక్షత్రాల కమిషన్‌కు రాజీనామా చేశారు. ఎనిమిదేళ్లు దేశాన్ని ఏలి బయటికొచ్చాక 1961లో ఆ హోదాను చట్టం చేయించి మరీ తిరిగి తీసుకున్నారు. మాజీ అధ్యక్షుడని కాక జనరల్ అని పిలిపించుకోవడమే ఆయనకు ఇష్టం. మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు కూడా 1983లో సైన్యాధిపతిగా దిగాక ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూకశ్మీర్‌కు గవర్నరుగా ఏళ్ల తరబడి పనిచేశారు. అయినా ఆయన్ని గవర్నరు కృష్ణారావు అన్నవాళ్లు తక్కువ, జనరల్ కృష్ణారావు అన్నవాళ్లే ఎక్కువ.

వచ్చిన ర్యాంకు పోయే దారీ ఉంది. 1950 సైనిక చట్టం 71వ సెక్షన్ శిక్షల జాబితా ఇస్తుంది. కోర్టు మార్షల్ తలచుకుంటే ఆఫీసరును అవమానకరంగా కొలువు నుంచి వెళ్లగొట్టవచ్చు, హవల్దారును జవానుగా దించవచ్చు. అలా వెళ్లినవారి పేరు ముందు ఏమీ మిగలదు.

రాసే పద్ధతి గురించి ఒక్క మాట. మన పత్రికలూ శుభలేఖలూ రిటైర్డ్ బ్రిగేడియర్ ఫలానా అని రాస్తుంటాయి. సైన్యం వాడుకలో ర్యాంకు పేరు ముందు, రిటైర్డ్ అన్న మాట పేరు తర్వాత రావాలి. బ్రిగేడియర్ ఫలానా (రిటైర్డ్). రిటైరైంది మనిషే గానీ ర్యాంకు కాదన్నది దాని వెనక ఉన్న భావన. గౌరవ హోదా అయితే ఆనరరీ అన్న మాట కలిపి రాయాలి. దాన్ని దాచిపెట్టాల్సిన పనేమీ లేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చిన ఆనరరీ, నలభై తొమ్మిది వారాల శిక్షణతో వచ్చిన కమిషన్‌కు ఏ విధంగానూ తీసిపోదు.

ఈ ధారావాహిక చదువుతున్నవారిలో మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయని మీ ఉత్తరాలు చెబుతున్నాయి. మీకో మనవి. మీ నాన్నగారో తాతగారో హవల్దారుగా రిటైరై ఆనరరీ నాయబ్ సుబేదారు హోదా పొంది ఉంటే, ముఖ్యంగా 2006కు ముందు ఇంటికొచ్చి ఉంటే, బీరువాలో ఉన్న పీపీవో తీసి పెన్షన్‌కు లెక్కించిన ర్యాంకు గడి చూడండి. అందులో ఇంకా హవల్దారు అనే ఉంటే, ఆనరరీ హోదా ఇచ్చిన ఉత్తర్వు, డిశ్చార్జ్ బుక్ నకళ్లు పట్టుకుని మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, తర్వాత ఆయన దళం రికార్డ్ ఆఫీసుకు రాయండి. అక్కడ పని కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాల వారు చెన్నై బెంచ్‌కు వెళ్లవచ్చు. ఆయన లేకపోయినా అమ్మమ్మకో నాయనమ్మకో వచ్చే కుటుంబ పెన్షన్ కూడా ఆ గడిని బట్టే ఉంటుంది. కాబట్టి ఆలస్యం చేయకండి.